సైకాలజీ చదివితే టెక్నాలజీ సంస్థ పెట్టకూడదా?

ప్రశ్న: నేను నల్లగొండలో బి.ఎ. సైకాలజీ పూర్తిచేశాను. నా చిన్ననాటి స్నేహితురాలు కంప్యూటర్స్‌లో బి.టెక్. చేసింది. యాప్‌లు, యంత్రాలు వాడేవాళ్లకు అనువుగా ఉండేలా తీర్చిదిద్దే సలహా సంస్థ పెట్టాలని మా ఇద్దరి ఆలోచన. వాళ్ల ఇంట్లో మాత్రం, "సంస్థ మా అమ్మాయి పేరున ఉంటుంది, నువ్వు జీతానికి చేరు. సైకాలజీ వాళ్లు ఇలాంటివి పెట్టడం ఎక్కడైనా ఉందా?" అంటున్నారు. ఇలాంటి సంస్థలు పెట్టినవాళ్లు ఏం చదివారు? ముందు ఏం పని చేశారు?
– ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: జీతానికి చేరకు చెల్లీ. ముందు ఈ మాట చెప్పేసి, మిగతాది తర్వాత చెబుతాను.

ఈ రంగంలో అందరూ తలచుకునే సంస్థ నీల్సన్ నార్మన్ గ్రూప్. 1998లో ఇద్దరు కలిసి పెట్టారు. వారిలో డాన్ నార్మన్ ఎం.ఐ.టి.లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు, డాక్టరేట్ మాత్రం సైకాలజీలో తీసుకున్నారు. చాలా కాలం కాలిఫోర్నియాలో మనిషి జ్ఞాపకం, పరధ్యానం, పొరపాటు వంటి విషయాలపై పాఠాలు చెప్పారు. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు తప్పు ఆపరేటర్లదే అని చాలామంది అన్నారు. ఆ కంట్రోల్ రూమును పరిశీలించిన వారిలో నార్మన్ ఒకరు. మీటలు, దీపాలు అమర్చిన తీరే మనిషి చేత తప్పు చేయించేలా ఉందని ఆయనకు అర్థమైంది. 1993లో ఆపిల్ సంస్థ ఆయనను పిలిచి ఉద్యోగం ఇచ్చింది. నువ్వు చదివిన శాస్త్రం ఎంత పెద్ద పని చేసిందో మీ స్నేహితురాలి ఇంట్లో వాళ్లకు ఈ సంగతి చెప్పు. రెండో భాగస్వామి జాకబ్ నీల్సన్ డెన్మార్క్ దేశస్థుడు. మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య వ్యవహారం మీదే డాక్టరేట్ చేసి, సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ కంపెనీలో పనిచేసి వచ్చారు.

మరొకటి డిజైన్ సంస్థ ఐడియో. 1991లో మూడు చిన్న సంస్థలు కలిసి అది ఏర్పడింది. డేవిడ్ కెల్లీ బోయింగ్‌లో పనిచేసిన ఎలక్ట్రికల్ ఇంజనీరు. బిల్ మోగ్రిడ్జ్, మైక్ నటాల్ ఇద్దరూ బ్రిటన్ నుంచి వచ్చిన పారిశ్రామిక డిజైనర్లు. మడతపెట్టే ల్యాప్‌టాప్‌లలో తొలితరానిదైన గ్రిడ్ కంపాస్‌కు రూపమిచ్చింది మోగ్రిడ్జే. అది చేతికి వచ్చాక ఆయన ధ్యాసంతా తెర లోపల జరిగే పని మీదికి మళ్లింది. పైతొడుగు ఎంత అందంగా ఉన్నా, వాడేవాడు కుస్తీ పట్టేది లోపలి ప్రోగ్రాముతోనే కదా! ఆయన బృందంలో చేరిన జేన్ ఫుల్టన్ సూరి సైకాలజీ చదివినావిడ.

ఇంత దూరం పోనక్కరలేదు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితోనే బడి మానేశారు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును కొయ్యలకు చుట్టాలంటే, చేతిని వాటి చుట్టూ వేల సార్లు తిప్పాలి. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంజనీరింగ్ పట్టా లేదు గానీ, ఆసు పోసే మనిషికి ఎక్కడ నొప్పి పుడుతుందో ఆయనకు ఇంట్లోనే తెలుసు. వాడేవాళ్లను కేంద్రంగా పెట్టుకున్న డిజైన్‌కు మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఇంతకంటే గొప్ప ఉదాహరణ నాకు కనబడదు.

నేను హైదరాబాద్‌లో ఈ పనే చేసేదాన్ని. దేవరకొండ వైపు పత్తి రైతులకు ఒక యాప్ చూపించడానికి వెళ్లాం. ప్రోగ్రాములో లోపమేమీ లేదు. కానీ రిజిస్టర్ చేసిన నంబరు కొడుకుది, కొడుకు హైదరాబాద్‌లో డ్రైవరు. ఓటీపీ అక్కడికి పోతుంది, తండ్రి చేలో నిలబడి ఎదురుచూస్తాడు. ఎండకు తెర మీద అక్షరాలు కనిపించవు. ఇది కనిపెట్టింది మా బృందంలోని సోషియాలజీ అమ్మాయి. ఇంజనీర్లు ఆమె చెప్పినట్టే మార్చారు.

ఇక చేయాల్సిన పని. ఎల్‌ఎల్‌పీగా, అంటే పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థగా నమోదు చేయించండి. దానికి కనీసం ఇద్దరు భాగస్వాములు ఉండాలని చట్టమే అంటుంది. ఒప్పందపత్రంలో వాటాలు సమానంగా రాయించు, స్నేహం ఉంది కదా అని నోటిమాటతో వదిలేయకు. మీ గురించి రాసుకునేటప్పుడు డిగ్రీల పేర్లతో ఆపకండి. నల్లగొండ బత్తాయి మార్కెట్లోనో, మిర్యాలగూడ రైస్ మిల్లులోనో కొన్నాళ్లు కూర్చుని, ఎవరు ఏ యంత్రం దగ్గర, ఏ ఫోను దగ్గర ఎందుకు ఆగిపోతున్నారో చూసి రాయండి. మొదటి ఖాతాదారుకు చూపించాల్సింది ఆ కాగితమే.

పై చదువు కావాలనిపిస్తే డిజైన్‌లో పీజీ కోర్సుల ప్రవేశానికి సీడ్ (CEED) పరీక్ష ఉంది, ఏ డిగ్రీ వాళ్లయినా రాయవచ్చు. కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. ఏ కోర్సుకు ఎవరు అర్హులో ముందే అడిగి తెలుసుకో. ఒప్పందపత్రం ముసాయిదా తయారయ్యాక నాకు పంపు, సంతకాలకు ముందు చదివి చెబుతాను.