పైన మాడింది, లోపల ఉడకలేదు: మొత్తం కోడి రోస్ట్‌పై సందేహాలు

ప్రశ్న: కిలోన్నర కోడిని ఓటీజీలో (కరెంటు రాడ్లతో పనిచేసే చిన్న ఓవెన్) 230 డిగ్రీల దగ్గర రోస్ట్ చేస్తున్నాను. పైన నల్లబడిపోతోంది, తొడ ఎముక పక్కన మాత్రం ఎర్రగానే ఉంటోంది. రొమ్ము ముక్క పీచుపీచుగా ఎండిపోతోంది. తప్పెక్కడ జరుగుతోంది?

జవాబు: ఓటీజీలో పై రాడ్డు చాలా దగ్గరగా ఉంటుంది. ట్రేను మధ్య వరుసలో పెడితే రొమ్ము దాదాపు రాడ్డు కిందికే వస్తుంది. లోపలికి వేడి చేరేలోపే చర్మం మాడుతుంది. ట్రేను అన్నిటికన్నా కింది వరుసలో పెట్టండి. రెండు రాడ్లూ వేసి 15 నిమిషాలు ముందుగా వేడిచేసి, మొదటి 20 నిమిషాలు 200, తర్వాత 180 డిగ్రీల దగ్గర మరో 50 నుంచి 60 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఒకసారి ట్రేను అటుదిటు తిప్పండి. రొమ్ముకు కావలసిన రంగు రాగానే, ఆ భాగం మీద మాత్రమే ఫాయిల్ ముక్క వదులుగా కప్పండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించుకోవాలి.

అసలు చిక్కు రొమ్ముకీ తొడకీ పొసగకపోవడం. రొమ్ములో కొవ్వు తక్కువ, 74 డిగ్రీలు దాటాక త్వరత్వరగా నీరు వదిలేస్తుంది. తొడ 80 దాకా వెళ్తేనే మెత్తబడుతుంది. అందుకే గడియారం కన్నా మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్‌ని నమ్మండి. తొడలో బాగా మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చాలి. ఎముకకు తగిలితే రీడింగ్ తప్పు రావచ్చు. రొమ్ములో 74, తొడలో 80 చూపిస్తే దించేయొచ్చు. అప్పుడు కూడా ఎముక పక్కన ఎరుపు కనిపిస్తే కంగారు పడకండి. లేత కోడి ఎముకలు గుల్లగా ఉంటాయి, మూలుగలోని రంగు బయటికి ఊరుతుంది. ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం.

చిన్న ఓవెన్ ఉన్నవారికి మా సలహా వేరే ఉంది. కోడిని మొత్తంగా ఉంచకండి, పరిచేయండి. వెన్నెముకకు రెండు పక్కలా వంటింటి కత్తెరతో కత్తిరించి తీసేసి, కోడిని రొమ్ము పైకి వచ్చేలా తిప్పి రొమ్ము ఎముక మీద అరచేత్తో గట్టిగా నొక్కితే టక్కున విరిగి పలకలా పరుచుకుంటుంది. తొడలు కూడా పైకి వచ్చి వేడికి ఎదురవుతాయి. 200 దగ్గర 45 నుంచి 55 నిమిషాల్లో అయిపోతుంది. తీసేసిన వెన్నెముకను సూప్‌కి వాడుకోండి.

ప్రశ్న: రాత్రంతా పెరుగు, మసాలా పట్టించినా చర్మం కరకరలాడటం లేదు. రబ్బరులా సాగుతోంది.

జవాబు: పెరుగే కారణం. చర్మం మీద తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. తడి ఆవిరయ్యాకే ఎర్రబడటం మొదలవుతుంది. స్కిన్ ఉన్న కోడికి పెరుగు వద్దు, పొడి ఉప్పు చాలు.

కిలోన్నరకి 20 గ్రాములు, అంటే మూడు టీస్పూన్లకు కాస్త పైన. అందులో ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ కలపండి (బేకింగ్ సోడా కాదు, సోడా వేస్తే సబ్బు రుచి వస్తుంది). కోడిని పేపర్ టవల్‌తో బాగా తుడిచి, లోపలా బయటా ఈ పొడి రుద్దండి. రొమ్ము మీద చర్మం కింద వేళ్లు మెల్లగా దూర్చి వదులుచేసి, మాంసానికీ కొంచెం పట్టించండి. జాలీ మీద పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో 12 నుంచి 24 గంటలు ఉంచండి. మొదట ఉప్పు నీటిని బయటికి లాగి చెమట పట్టినట్టు చేస్తుంది. కొన్ని గంటల్లో అదే నీరు ఉప్పుతో సహా లోపలికి ఇంకుతుంది. ఉప్పు రాసిన అరగంటకో గంటకో ఓవెన్‌లో పెట్టడం మాత్రం దండగ, అప్పటికి నీరంతా పైనే ఉంటుంది. మర్నాటికి చర్మం బిగుసుకుని, వేలు పెడితే అంటుకోకుండా ఉంటే సిద్ధమైనట్టే.

కారం, మసాలా పొడులు 200 డిగ్రీల్లో మాడి చేదెక్కుతాయి. వాటిని వెన్నలో కలిపి చర్మం కింద పెట్టండి. పైన నూనె మాత్రమే రాయండి.

ప్రశ్న: కోడిని తుడవమన్నారు గానీ కడగమనలేదు. కడగకుండా ఎలా వండుతాం?

జవాబు: కడగకూడదు. కుళాయి కింద పెడితే చిందే తుంపరలు సింకు, గట్టు, పక్కనున్న గిన్నెలన్నిటి మీదా సాల్మొనెల్లా లాంటి క్రిములను చల్లుతాయి. కడిగితే అవి పోవు, వేడికి చస్తాయి. పేపర్‌తో తుడిచి, ఆ పేపర్ పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్న: ట్రేలో కొవ్వు కారి ఇల్లంతా పొగ.

జవాబు: ట్రేలో మందపాటి ఉల్లిపాయ చక్రాలో బంగాళాదుంప ముక్కలో పరచండి. కారిన కొవ్వు వాటిలోకి ఇంకుతుంది. పొగ మొదలైతే పావు కప్పు నీళ్లు పోయండి. అంతకన్నా ఎక్కువ పోస్తే ఆవిరికి చర్మం మెత్తబడుతుంది.

ప్రశ్న: నాకు దొరికేది స్కిన్‌లెస్ కోడే. అది రోస్ట్ అవుతుందా?

జవాబు: అవుతుంది, కానీ కరకర ఆశించకండి. ఇక్కడ పెరుగు మారినేడ్ పనికొస్తుంది, చర్మం చేసే కాపలా అదే కొంత చేస్తుంది. నూనె బాగా రాసి, మొదటి 40 నిమిషాలు ఫాయిల్ కప్పి 180 దగ్గర ఉంచి, తర్వాత తెరిచి రంగు తెప్పించండి. ఎలాంటి కోడి అయినా దించాక 15 నిమిషాలు ఆగి కోయండి. వెంటనే కోస్తే రసం పలకమీదికి కారిపోతుంది. స్కిన్ ఉన్నదైతే ఆ పావుగంటా మూత పెట్టకండి, ఆవిరికి మళ్లీ మెత్తబడుతుంది.