కాగితాల్లో వెంకట, ఆఫీసులో సాయి, వాట్సాప్‌లో ఎవరు?

అమెరికాకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను అడిగేవన్నీ ఇల్లు, కారు, క్రెడిట్ స్కోరు గురించే. ఆన్‌లైన్‌లో ఎవరికి ఎలా కనపడుతున్నామని మాత్రం ఎవరూ అడగరు, ఏదో ఒకటి మెడకి చుట్టుకున్నాక తప్ప. నాకూ చుట్టుకుంది. డల్లాస్ వచ్చిన రెండో ఏడు, ఒంట్లో బాలేదని సిక్ లీవు పెట్టి, సాయంత్రం ప్రీమియర్ షోకి పోయి, థియేటర్లో కాగితాలు ఎగరేస్తున్న వీడియో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశా. మా టీమ్ లీడ్ తెలుగాయనే, ఆయన నంబరు నా దగ్గర, నా నంబరు ఆయన దగ్గర ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే "జ్వరం తగ్గిందా, సినిమా ఎలా ఉంది" అని ఒకే ఊపిరిలో అడిగాడు. ఇప్పటికీ ఆ హీరో సినిమా వచ్చిందంటే ఆయన నాకు ఫోన్ చేసి పరామర్శిస్తాడు.

ముందు పేరు సంగతి తేల్చుకోండి. పాస్‌పోర్టులో వెంకట సాయి కృష్ణ అని ఉంటే ఇక్కడ సిస్టమ్ మొదటి ముక్క పట్టుకుని వెంకట అంటుంది, మా టీమ్‌లో ఒకప్పుడు నలుగురు వెంకటలం. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టైతే ఇంకా తమాషా, పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి ముందు పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే ముందు పేరు తెలీదు) అని పడుతుంది, ఆ తర్వాత "డియర్ ఎఫ్ఎన్‌యూ" అని ఉత్తరాలు వస్తుంటాయి. జీతానికి, ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఐ-9 ఫారానికి పాస్‌పోర్టు పేరే ఇవ్వాలి, అందులో బేరం లేదు. పిలుపుకి మాత్రం సాయి అనుకుంటే లింక్డ్‌ఇన్‌లో, జూమ్‌లో, ఆఫీసు చాట్‌లో అన్నిచోట్లా సాయే ఉండాలి. కాలేజీలో హీరో పేరు కలిపి పెట్టుకున్న జీమెయిల్ ఉంటుంది కదా, దాన్ని మూసెయ్యక్కర్లేదు, ఇండియా బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తుంటాయి. రెజ్యూమెకి మాత్రం శుభ్రంగా పేరుతో ఇంకోటి తీసుకోండి.

అసలు తంటా ఇక్కడుంది. కన్సల్టెన్సీ వాళ్ళు రాసిచ్చిన రెజ్యూమె ప్రకారం మీకు ఎనిమిదేళ్ళ అనుభవం, లింక్డ్‌ఇన్‌లోనూ అదే ఎక్కిస్తారు. ఫేస్‌బుక్‌లో చూస్తే మూడేళ్ళ కిందటి బీటెక్ ఫేర్‌వెల్ ఫోటోలు, బ్యానర్ మీద బ్యాచ్ సంవత్సరంతో సహా! దాన్ని రెండు ప్రొఫైళ్ళు వేరుగా ఉంచుకోవడం అనరు, అబద్ధం అంటారు, పైగా మీరే పెట్టిన సాక్ష్యంతో దొరికిపోయే అబద్ధం. ఫేస్‌బుక్ లాక్ చేసేస్తా అన్నా, అన్నాడొకడు. ఎన్నాళ్ళని చేస్తావు తమ్ముడూ? వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు 2019 నుంచీ అడుగుతున్నారు. స్టూడెంట్ వీసాకి 2025 జూన్ నుంచి, హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (వాళ్ళ భార్యాభర్తలకి, పిల్లలకి ఇచ్చే వీసా) స్టాంపింగ్‌కి అదే ఏడు డిసెంబరు 15 నుంచి ప్రొఫైళ్ళు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. కాబట్టి తాళం మీద నమ్మకం పెట్టుకోవద్దు, పోస్టు చేసే ముందే ఆలోచించుకోవాలి. ఇన్‌స్టా ఖాతా ఉండి కూడా ఫారంలో రాయకపోవడం పోస్టు కన్నా పెద్ద తప్పవుతుంది. అలాగని అన్నీ చెరిపేసి సన్యాసం పుచ్చుకోనక్కర్లేదు, అమ్మవారి జాతర ఫోటోలు, పాప అన్నప్రాశన ఎవరికీ అభ్యంతరం కాదు. కులం గ్రూపుల్లో, ఫ్యాన్స్ గొడవల్లో సొంత పేరుతో తిట్టిన తిట్లే ఎక్కడో స్క్రీన్‌షాటై తిరుగుతుంటాయి.

యూట్యూబ్ వ్లాగులు చేసే చెల్లెళ్ళు, తమ్ముళ్ళు కూడా ఒకమాట వినండి. హెచ్-1బీ అంటే మీ పిటిషన్ వేసిన కంపెనీకి మాత్రమే పని చెయ్యాలి, హెచ్-4 వాళ్ళు ఈఏడీ (పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) లేకుండా ఏ పనీ చెయ్యకూడదు. సరదాగా వీడియో పెట్టడం వేరు, యాడ్స్ ఆన్ చేసి డాలర్లు తీసుకోవడం వేరు. డబ్బులు మొదలవకముందే లాయర్‌ని అడగండి, మా పక్కింటి బావగారు పర్లేదన్నారని కాదు.

ఆఫీసు లాప్‌టాప్‌లో సొంత జీమెయిల్‌తో క్రోమ్‌లోకి లాగిన్ అవ్వకండి. స్క్రీన్ షేర్ చేసి అడ్రస్ బార్‌లో ఒక్క అక్షరం కొట్టగానే మీ రాత్రి బ్రౌజింగంతా కిందకి జారుతుంది, ఒక పిల్లవాడికి అలా తెలుగు మ్యాట్రిమొనీ సైటు పదిమంది ముందు బయటపడింది. పాపం, సంబంధం మాత్రం మా టీమ్‌లో వాళ్ళే కుదిర్చారు.

ఇక రెండో ఫోను కొనాలా అని అడుగుతారు. అవసరం లేదు. వాట్సాప్‌లో స్టేటస్ ప్రైవసీలోకి వెళ్ళి ఆఫీసు వాళ్ళ పేర్లు తీసెయ్యండి, రెండు నిమిషాల పని. మీ లీడ్ తెలుగాయనైతే ఆయన పేరు ముందు తీసెయ్యండి.