నలభై అధ్యాయాల బాకీ

వందనాలు సిస్టర్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాప్తిస్మం తీసుకుని మూడేళ్లయింది, నాలుగింటికి లేచి ప్రార్థన, రోజూ వాక్యం, ప్రతి శుక్రవారం ఉపవాసం, ఇంత చేస్తున్నా ఒక్కరోజు తప్పితే దేవుడు మొహం తిప్పుకున్నట్టే ఉంటోంది, అందరూ "ప్రభువు మీద ఆనుకో, విశ్రాంతి పొందు" అంటారు గానీ ఎలాగో ఎవరూ చెప్పరు అని రాశారు. షుగర్ మాత్రలు వేసుకుంటూ ఉపవాసం ఉండొచ్చా అని కూడా అడిగారు. దానికి చివర్లో వస్తాను.

నేను పాస్టర్‌ని కాను. పర్లాకిమిడిలో ఇంటి ముందు గదిలో కాలి మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు మాది, బోర్డులు ఒడియాలో ఉంటాయి, పోట్లాటలు తెలుగులో పడతాం. మా సంఘంలో ఒక పాట తెలుగు అయితే ఒక పాట ఒడియా, కొండల మీద నుంచి సవర తెగ విశ్వాసులు కూడా దిగి వస్తారు. కాబట్టి నేను చెప్పేది మిషన్ దగ్గర కూర్చున్న మనిషి మాటగానే తీసుకోండి.

మీలాగే నాకూ లెక్క ఉండేది, ఇంకా ఘోరం ఏంటంటే దానికో నోట్‌బుక్ కూడా ఉండేది. రెండు వందల పేజీలది. స్కేలు పెట్టి గళ్ళు గీసుకున్నాను. లేచిన టైము, ప్రార్థన ఎన్ని నిమిషాలు, ఎన్ని అధ్యాయాలు, ఉపవాసం, చివరి గడి కోపం. చేస్తే నీలం టిక్కు, తప్పితే ఎర్ర ఇంటూ. బైబిల్లో 1,189 అధ్యాయాలు, రోజుకి మూడు, ఆదివారం అయిదు చదివితే ఏడాదిలో అయిపోతాయి, ఆ లెక్కన జనవరి ఒకటిన ఆదికాండంతో మొదలుపెట్టాను. కోపం గడిలో మాత్రం దాదాపు రోజూ ఎర్ర ఇంటూనే, ఎందుకంటే నాలుగింటికి లేచినదానికి ఆరున్నరకల్లా కళ్ళు మండేవి, పిల్ల జడ వేయమని దువ్వెన పట్టుకొస్తే విసుక్కునేదాన్ని, ఆ తర్వాత ఇంటూ కొట్టుకుని ఏడ్చేదాన్ని. నిద్ర చాలక వచ్చిన కోపానికి మందుగా రేపు మూడున్నరకే లేవాలని తీర్మానం చేసుకున్న రోజులు కూడా ఉన్నాయి!

దీని వెనక ఒక సంగతి ఉంది, అది చెప్పకపోతే మిగతాదంతా సగం అబద్ధం అవుతుంది. మా ఆయన తాగుతాడు. నేను తప్పకుండా అన్నీ చేస్తే దేవుడు మాన్పిస్తాడని నా బేరం. దేవుడితో కూడా అలా నోరు తెరిచి అనలేదు, కానీ లోపల నడిచిన లెక్క అదే. నేను లేవలేకపోయిన రోజు రాత్రి ఆయన తూలుతూ వస్తే, చూశావా, నీ వల్లే అనుకునేదాన్ని. లేచిన రోజు కూడా తూలుతూనే వచ్చేవాడు, ఆ రోజులు ఎందుకో లెక్కలోకి వచ్చేవి కావు. దానికి తోడు నేను వెళ్ళే ఉపవాస కూటంలో ఒకావిడ "మనం ఇక్కడ మర్చిపోయినా పైన పుస్తకంలో రాస్తూనే ఉంటారు" అని ప్రతి వారం అనేది. సాక్ష్యాల టైములో నేను ఇన్ని రోజులు ఉపవాసం, నేను ఇన్ని గంటలు మోకాళ్ళ మీద అని ఒకరి తర్వాత ఒకరు చెప్పేవాళ్ళం. అదే చాప మీద ఒక సవర అవ్వ కూర్చునేది. తన వంతు వస్తే లేచి, వచ్చీరాని తెలుగులో "దేవుడు మంచోడు, నేను బాగున్నాను" అని కూర్చునేది, వారం వారం అదే మాట. ఎదగలేదు పాపం అనుకునేదాన్ని నేను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

జూలై ఆఖర్లో నాకు చలిజ్వరం వచ్చింది. మా వైపు మలేరియా కొత్తేమీ కాదు గానీ అది పట్టినప్పుడు మాత్రం మనిషి మనిషిలా ఉండదు. పన్నెండు రోజులు మంచం దిగలేదు. ప్రార్థన చేద్దామంటే "ప్రభువా" అన్నాక రెండో మాట దొరికేది కాదు. పక్కింటి మావుసి, జగన్నాథుడికి దణ్ణం పెట్టుకునే ఒడియా మనిషి, పూటకోసారి గ్లాసుతో చోడంబలి, అదే రాగి అంబలి, తెచ్చి, నా వీపు వెనక చెయ్యి పెట్టి లేపి తాగించేది. ఆవిడ జాకెట్టు గుడ్డ అప్పటికి రెండు వారాలుగా నా సంచిలోనే పడి ఉంది, కత్తెర కూడా పెట్టలేదు. దాని ఊసు ఆవిడ ఎత్తలేదు.

పదమూడో రోజు లేచి నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? నోట్‌బుక్ తీశాను. పన్నెండు రోజులకి ముప్పయ్యారు, మధ్యలో రెండు ఆదివారాలు కాబట్టి ఇంకో నాలుగు, మొత్తం నలభై అధ్యాయాల బాకీ. యెషయా గ్రంథం మొదట్లో ఆగాను. దుప్పటి కప్పుకుని బాకీ తీర్చడానికి కూర్చున్నాను, వేలు పెట్టి గబగబా. సాయంత్రానికి 30వ అధ్యాయం వచ్చింది. 15వ వచనం ఇది: "మీరు మరలివచ్చి ఊరకుండుటవలన రక్షింపబడెదరు, మీరు ఊరకుండి నమ్ముకొనుటవలన మీకు బలము కలుగును." వెంటనే, అయినా మీరు ఒప్పుకోలేదు, గుర్రాలెక్కి పారిపోతాం అన్నారు అని ఉంటుంది.

ఇక్కడ నేను కన్నీళ్ళతో మోకరించాను అని రాస్తే బాగుంటుంది గానీ అలా జరగలేదు. టిక్కు కొట్టి 31కి వెళ్ళిపోయాను. 37లో ఎక్కడో నిద్రపోయాను.

ఆ వచనం ఏమంటోందో వారం తర్వాత తెలిసింది. శ్రావణం పెళ్ళిళ్ళ బ్లౌజులు పేరుకుపోయాయి, ఒంట్లో ఓపిక లేదు, తొందర మాత్రం ఉంది. లైనింగూ పైపింగూ కలిసిన చోట గుడ్డ మందంగా ఉంటుంది కదా, అక్కడ మిషన్ నెమ్మదిస్తే వెనక నుంచి గుడ్డ లాగాను. టక్కుమని సూది విరిగింది. ఇంకోటి బిగించాను, మళ్ళీ లాగాను, అదీ విరిగింది. కుట్టు నేర్చుకోడానికి వచ్చిన మొదటి రోజునే పిల్లలకి నేను చెప్పే పాఠం ఇది. మిషన్ పాదం కింద పళ్ళు ఉంటాయి, గుడ్డని ముందుకి నడిపేది అవే. చేతులు దారి చూపిస్తే చాలు, లాగితే సూది వంగి కింద ప్లేటుకి తగులుతుంది, కుట్లు ఒకటి పొడుగు ఒకటి పొట్టి వస్తాయి. నాకు కుట్టు నేర్పిన పిన్ని అయితే వేళ్ళ మీద కొట్టి మరీ చెప్పేది, "లాగకే, పట్టుకో చాలు" అని. విరిగిన రెండో సూది ముక్క చేతిలో పట్టుకుని ఉంటే ఆ గుర్రాల వచనం గుర్తొచ్చింది. ఇదేదో దర్శనం అని చెప్పడం లేదండి. నా చదువు లెక్కకి ఆ అధ్యాయం ఆగస్టు మొదట్లో ఎలాగూ వచ్చేదే.

ఆ రాత్రి బాకీ కోసం కాకుండా మళ్ళీ చదివాను. అప్పటి సంగతి ఏంటంటే, అష్షూరు సైన్యం భయానికి యూదా వాళ్ళు ఐగుప్తు గుర్రాల కోసం పరుగెడుతున్నారు. నేను నిద్రపోయిన 37వ అధ్యాయంలోనే ఆ గొడవ ముగుస్తుంది. అష్షూరు రాజు సన్హెరీబు బెదిరింపు ఉత్తరం పంపితే యూదా రాజు హిజ్కియా దాన్ని తీసుకెళ్ళి మందిరంలో దేవుడి ముందు పరిచాడు. మరి ఆయన ఏమీ చెయ్యకుండా కూర్చున్నాడా అంటే, లేదు. రెండో దినవృత్తాంతాలు 32 చూడండి, ఊటలు పూడ్పించాడు, పడిపోయిన గోడ కట్టించాడు, డాళ్ళూ ఈటెలూ చేయించాడు. చేతులు కదిలాయి, కానీ మమ్మల్ని కాపాడేది ఈ గోడ కాదని ఆయనకి తెలుసు. నా చేతుల్లో ఉన్నదల్లా గోడే.

ఇక మా పాస్టర్ అయ్యగారి దగ్గరికి నోట్‌బుక్ పట్టుకునే వెళ్ళాను. తిడతారనుకున్నాను. ఆయన పేజీలు తిప్పి, రోమా 4వ అధ్యాయం తీసి చదవమన్నారు. పని చేసినవాడికి ఇచ్చే జీతం బాకీయే గాని దానం కాదు అని ఉంటుంది అక్కడ, ఆ తర్వాతి వచనంలో భక్తిహీనుడిని నీతిమంతుడిగా తీర్చేవాడి మీద నమ్మకం పెట్టేవాడి సంగతి. "నువ్వు కుట్టుకూలి తీసుకుంటే అది వాళ్ళ దయా?" అని అడిగారు. కాదు కదా, నా డబ్బు. అంటే ఆ గళ్ళన్నీ నేను దేవుడి ముందు పెట్టిన బిల్లు.

ఆయన చెప్పిందే ఇంకొకటి, నాకు బాగా పట్టుకున్న మాట. ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఆరాధించిన ప్రత్యక్ష గుడారంలో సామాను చూడండి: బలిపీఠం, గంగాళం, దీపవృక్షం, రొట్టెల బల్ల, ధూపవేదిక, లోపల మందసం. యాజకుడు కూర్చోడానికి పీట కూడా లేదు. హెబ్రీ 10వ అధ్యాయం అదే అంటుంది, యాజకుడు ప్రతిరోజూ నిలబడి అవే బలులు మళ్ళీ మళ్ళీ అర్పిస్తాడు, యేసు మాత్రం ఒకే ఒక్క బలి అర్పించి కూర్చున్నాడు. పని మిగిలి ఉంటే ఎవరైనా కూర్చుంటారా? సిలువ మీద "సమాప్తమైనది" అన్న ఆయన నిజంగానే ముగించాడు, నేనేమో ముగిసిన బట్టకి మళ్ళీ కుట్లు వేస్తున్నాను.

మనమేదో కొత్తగా ఈ తిప్పలు పడుతున్నామనుకోకండి. 1865లో చైనా ఇన్లాండ్ మిషన్ మొదలుపెట్టిన హడ్సన్ టేలర్ అంతటి మనిషి కూడా నాలుగేళ్ళ తర్వాత, ఎంత ప్రయత్నించినా పవిత్రంగా ఉండలేకపోతున్నానని నలిగిపోయాడు. 1869లో తోటి మిషనరీ మెకార్తీ రాసిన ఉత్తరం ఆయన్ని మార్చింది. విశ్వాసం పెంచుకోవాలని పెనుగులాడటం వల్ల కాదు, నమ్మదగినవాడి మీద ఆనుకోవడం వల్ల అది పెరుగుతుంది అన్నది అందులోని సారం. ఆ తర్వాత ఆయన పని తగ్గించుకోలేదు, 1905లో చనిపోయింది కూడా చైనాలోనే.

అలా అయితే బద్ధకం వచ్చేయదా అని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది, మా కూటంలో ఒక అక్క అయితే మొహం మీదే అంది, "నీకు జ్వరం తగ్గలేదే" అని. యేసు విశ్రాంతి ఇస్తానన్న చోటే, మత్తయి 11లో, నా కాడి ఎత్తుకోండి అని కూడా అన్నాడు. కాడి ఉంది, మెడ మీదే ఉంది, కాకపోతే సుళువైనది. మిషన్ దగ్గర నేను ఇప్పటికీ రోజంతా కాళ్ళు ఆడిస్తూనే ఉంటాను కదా. లాగడం ఒక్కటే మానాలి, అదే కష్టం. చేతులకి అలవాటైపోయింది, ఇప్పటికీ నెలకో సూది విరుగుతూనే ఉంది, నేను రెండు రకాల సూదుల గురించీ చెప్తున్నాను.

మీరు ఎలాగ అని అడిగారు కాబట్టి నేను చేసింది చెప్తాను, ఇదే పద్ధతి అని కాదు. అయ్యగారు నలభై రోజులు లెక్క రాయొద్దన్నారు, చదవండి, ప్రార్థించండి, రాయొద్దు. మొదటి వారం పిచ్చెక్కినట్టుంది. చదివింది దేవుడు చూశాడో లేదో అని టెన్షన్, చూడండి ఎంత వెర్రో. అయిదున్నరకి లేచేదాన్ని. లేవలేకపోతే పిల్లకి జడ వేస్తూ "ప్రభువా, ఈ రోజు ఇంతే, నీదే భారం" అనేదాన్ని. తప్పు చేసినప్పుడు మర్నాడు రెండింతలు చేసి కప్పడం మానేసి, అక్కడే ఒప్పుకుని ముందుకి వెళ్ళడం నేర్చుకున్నాను. ఇది రాసినంత తేలిక కాదు. మా ఆయన మానేశాడా అంటే, లేదండి. తగ్గింది, మళ్ళీ పెరిగింది, పోయిన నెల పాతపట్నంలో డాక్టర్‌కి చూపించడానికి ఒప్పుకున్నాడు. ఆయన తూలుతూ వచ్చిన రాత్రి బాధ ఉంటుంది, కోపమూ ఉంటుంది, నా వల్లే అన్న మాట మాత్రం రావడం లేదు. ఆ నోట్‌బుక్‌లో మిగిలిన పేజీల్లో ఇప్పుడు కొలతలు రాసుకుంటున్నాను, మొదటి పేజీలో మావుసి జాకెట్టుదే. కూలి ఇవ్వబోతే తీసుకోనన్నాను, ఆవిడకి కోపం వచ్చింది, అది వేరే కథ.

ఇక మీ షుగర్ సంగతి. ఏలీయా ప్రవక్త అలిసిపోయి చెట్టు కింద పడుకుని ఇక చచ్చిపోతానన్నప్పుడు దూత వచ్చి ముందు ప్రార్థన చెయ్యమనలేదు. తట్టి లేపి తినమంది, ఆయన తిని మళ్ళీ పడుకుంటే ఊరుకుంది, రెండోసారి వచ్చి కూడా తినమనే అంది. మొదటి రాజులు 19లో ఉంది. మాత్రలు వేసుకుంటూ కడుపు మాడ్చుకుంటే షుగర్ పడిపోయి కళ్ళు తిరగొచ్చు, మీ డాక్టర్‌ని అడగకుండా ఒక్క పూట తిండి కూడా మానకండి. ఈ శుక్రవారం ఇడ్లీయో అంబలో తిని, మాత్ర ఎప్పుడు వేసుకోమన్నారో అప్పుడు వేసుకుని కూటానికి వెళ్ళండి. సాక్ష్యం చెప్పమంటే ఆ అవ్వ మాటే చెప్పి కూర్చోండి.