మీ కారు – మా జవాబు: ఇ20, గ్యాసు, కరెంటు

ప్రశ్న: మాది 2014 పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఇదివరకు లీటరుకు 16 కి.మీ. వచ్చేది, ఇప్పుడు పన్నెండున్నర దాటడం లేదు. అందరూ ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వల్లేనంటున్నారు. ఈమధ్య పొద్దున్నే స్టార్ట్ చేస్తే పెట్రోలు వాసన కూడా వస్తోంది. బండి అమ్మేయమంటారా?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అమ్మొద్దు. మైలేజీ సంగతి తర్వాత, ముందు ఆ వాసన ఎక్కడిదో పట్టుకోండి. ఇథనాల్ పాత నైట్రైల్ రబ్బరును ఉబ్బేలా చేస్తుంది, ఆరినప్పుడు అదే రబ్బరు బిరుసెక్కి పగులుతుంది. ఇప్పుడొచ్చే కార్లకు ఈ బాధ లేదు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో గొట్టాలు, సీళ్లు ఇ20ని తట్టుకునేవే వేస్తున్నారు. మీది అంతకు తొమ్మిదేళ్ల ముందుది.

ట్యాంకు ఫుల్ చేయించిన రోజే వాసన ఎక్కువైతే, ట్యాంకు మీద ఫ్యూయల్ పంపు కూర్చునే చోట ఉండే పెద్ద రబ్బరు రింగును అనుమానించాలి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక సీటు ఎత్తితే అది కనిపిస్తుంది. బానెట్ దగ్గర వాసన వస్తుంటే ఇంజెక్టర్ల ఓ-రింగులు, ఫ్యూయల్ రైలుకు వచ్చే గొట్టం చూడాలి. రింగులు ఫ్లోరో రబ్బరువి అడగండి, షెడ్డులో ‘వైటాన్’ అంటే అర్థమవుతుంది. గొట్టం మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉండాలి. మామూలు గొట్టం వేసి క్లిప్పు గట్టిగా బిగిస్తే ఆరు నెలల్లో మళ్లీ అదే వాసన. ఎక్కడైనా తడి కనిపిస్తే ఆ బండిని స్టార్ట్ చేయకండి, టోయింగ్ పిలిపించండి.

ఇక మైలేజీ. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే ఉంటుంది. ఆ లెక్కన ఇ10 నుంచి ఇ20కి మారితే తగ్గేది మూడున్నర శాతం చిల్లర. ఇ10 కోసం ట్యూన్ చేసిన పాత కార్లలో 6 నుంచి 7 శాతం దాకా తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. అంతా కలిపినా మీ 16 కాస్తా 15 అవ్వాలి. మిగతా రెండున్నర కిలోమీటర్లను ఇథనాల్ ఖాతాలో వేసి ఊరుకుంటే, బండిలో ఉన్న అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

ముందుగా డిస్‌ప్లే చూపే అంకెను పక్కన పెట్టండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆటో కట్ అయ్యేదాకా మూడుసార్లు నింపించి లెక్క కట్టండి. తర్వాత పది కిలోమీటర్లు నడిపి ఆపి నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. ఇంజిన్ వేడి ముల్లు అరగంటైనా సగానికి రాకపోతే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది, ఇంజిన్ ఎప్పుడూ చల్లగా ఉన్నాననుకుని ఎక్కువ పెట్రోలు తాగుతోంది. ఈ రెండూ బాగుంటే ఓబీడీ స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు చదివే పరికరం) పెట్టించి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ తనంతట తాను ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూడమనండి. స్వచ్ఛమైన పెట్రోలు ఒక వంతు బరువుకు గాలి 14.7 వంతులు కావాలి, ఇ20కి 13.5 చాలు. అంటే అంతే గాలికి కొంచెం ఎక్కువ ఇంధనం పోయాలి. ఆ పని ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటుంది. ట్రిమ్ 5 నుంచి 10 మధ్య ఉంటే ఇంజిన్ ఇ20కి సర్దుకున్నట్టే. 20 దాటి పీ0171 కోడ్ (గాలికి తగ్గ ఇంధనం లేదనే హెచ్చరిక) కూడా వస్తే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా ఫ్యూయల్ పంపు ప్రెషర్ పడిపోయింది. మైనస్‌లోకి దిగితే ఇంజెక్టరు కారుతోంది, లేదా పదేళ్ల సెన్సర్ తప్పు చెబుతోంది.

బంకు మీద అనుమానం ఉంటే ఇంటి బయట, నిప్పుకు దూరంగా ఈ పరీక్ష చేసుకోవచ్చు. గీతలున్న 100 మి.లీ. గాజు గొట్టంలో 90 మి.లీ. పెట్రోలు, 10 మి.లీ. నీళ్లు పోసి, మూసి, కుదిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ నీళ్లతో కలిసి కిందికి దిగుతుంది. కింది పొర 28 మి.లీ. దగ్గర ఆగితే అది ఇ20. బాగా ఎక్కువుంటే ఇథనాల్ శాతమో, అందులో చేరిన నీళ్లో ఎక్కువున్నట్టు. ‘ఇథనాల్ నుంచి కాపాడే’ సీసాల మందులు కొనొద్దు. తగ్గిన శక్తిని ఏ మందూ తిరిగి ఇవ్వలేదు, ఉబ్బిన రబ్బరును మామూలు చేయలేదు.

ప్రశ్న: నెలకు 1,200 కి.మీ. తిరుగుతాను. 2019 పెట్రోలు కారు. సీఎన్‌జీ కిట్ పెట్టించాలా, లేక కంపెనీ సీఎన్‌జీ కారే కొనాలా? బయట పెట్టిస్తే ఇంజిన్ పోతుందంటున్నారు.
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ బంకు ధరలతో లెక్క వేసుకోండి. ఉదాహరణకు పెట్రోలు 108 రూపాయలు, లీటరుకు 17 కి.మీ. అనుకుంటే కిలోమీటరుకు 6.35 రూపాయలు. గ్యాసు కిలో 95, కిలోకు 24 కి.మీ. అనుకుంటే 3.96. కిలోమీటరుకు సుమారు 2.40 మిగులు. కిట్‌కు 65 వేలు పెడితే అది తిరిగి రావడానికి 27 వేల కిలోమీటర్లు, మీ తిరుగుడుకు దాదాపు 23 నెలలు పడుతుంది. కారు మూడేళ్లయినా ఉంచుకునేవారైతే పెట్టించవచ్చు. రేపోమాపో మార్చేవారైతే వద్దు. కొత్త కారు ఎలాగూ కొనాలనుకుంటే మాత్రం మా ఓటు కంపెనీ సీఎన్‌జీకే. వాల్వ్ సీట్లు, స్ప్రింగులు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అన్నీ గ్యాసుకు తగ్గట్టే వస్తాయి, వారంటీ పోదు. టాటా వాళ్లు 2023లో ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టినట్టు 30 లీటర్ల సిలిండర్లు రెండు డిక్కీ అడుగున పరిచిన మోడల్ అయితే సామానుకు చోటూ మిగులుతుంది.

ఇంజిన్ పోతుందన్న భయంలో కొంత నిజం ఉంది. గ్యాసు పొడి ఇంధనం. పెట్రోలు తుంపర ఇచ్చే చల్లదనం వాల్వులకు అందదు, ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు మెల్లగా అరుగుతుంది, ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) తగ్గుతుంది. సందు పూర్తిగా పోతే వాల్వ్ మూసుకోదు, కాలిపోతుంది. అందుకే ప్రతి 20 వేల కి.మీ.కు ట్యాపెట్ క్లియరెన్స్ కొలిపించండి. గ్యాసును మండించడానికి స్పార్కుకు ఎక్కువ వోల్టేజీ కావాలి, కాబట్టి ప్లగ్ గ్యాప్‌ను కంపెనీ చెప్పినదానికన్నా 0.1 మి.మీ. తగ్గించాలి. ‘గ్యాసులో బండి కుదుపుతోంది, పెట్రోలులో బాగుంది’ అనే బాధ చాలాసార్లు ఇక్కడే తీరుతుంది. తీరకపోతే ఇగ్నిషన్ కాయిల్ చూడాలి. పికప్ పదోవంతుకు పైగా తగ్గడం మాత్రం మామూలే. సిలిండర్‌లోకి వెళ్లే గాలి చోటును గ్యాసు ఆక్రమిస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఒక గేరు తక్కువలో వెళ్లండి.

కిట్ సీక్వెన్షియల్‌దే (ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు విడివిడిగా, వరసగా గ్యాసు చిమ్మేది) అయ్యుండాలి, మీ మోడల్‌కు అనుమతి పత్రం ఉన్నదై ఉండాలి. బిగించగానే ఆర్సీలో ఇంధనం మార్పు రాయించండి, ఇన్సూరెన్స్‌లోనూ చేర్పించండి. ఆర్సీలో లేని గ్యాసు బండికి ప్రమాదం జరిగితే క్లెయిము రావడం కష్టం. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి, ఆ తేదీ ఉన్న కంప్లయన్స్ ప్లేటు బంకులో చూస్తారు. 60 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ దగ్గర చేతికొచ్చేది 8 నుంచి 9 కిలోలే. మే నెల మధ్యాహ్నం నింపిస్తే ఇంకా తక్కువ, వేడికి వ్యాకోచించి గ్యాసు తక్కువ బరువుకే ప్రెషర్ చూపిస్తుంది. తెల్లవారుజామున వెళ్తే క్యూ చిన్నది, గ్యాసూ ఎక్కువ ఎక్కుతుంది. నింపేటప్పుడు అందరూ దిగాలి, చంటిపిల్లలు నిద్రపోతున్నా సరే.

చాలామంది మరిచిపోయేది పెట్రోలు ట్యాంకు. గ్యాసుంది కదా అని రెండు లీటర్లతో నెలలు గడిపేస్తారు. ట్యాంకులోని పంపును చల్లబరిచేది పెట్రోలే. అది అడుగంటితే పంపు వేడెక్కి కాలిపోతుంది. పైగా ఇ20 నెలల తరబడి నిల్వ ఉంటే గాలిలో తేమ పీల్చుకుంటుంది. పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచండి, రోజూ నాలుగైదు కిలోమీటర్లు పెట్రోలు మీద నడపండి.

ప్రశ్న: ఊళ్లో ఇంటి దగ్గర ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్ పెడితే కేబుల్ డబ్బా మీద ఎర్రలైటు వచ్చింది. ఎలక్ట్రీషియన్ సాకెట్‌లో న్యూట్రల్, ఎర్తు కలిపి తీగ వేశాడు, ఇప్పుడు ఛార్జ్ అవుతోంది. పర్వాలేదా? బ్యాటరీ 40 యూనిట్లు, వారానికి రెండుసార్లు హైదరాబాదుకు రానుపోను 200 కి.మీ.
– సిద్దిపేట జిల్లా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఛార్జింగ్ ఆపండి, ఆ తీగ తీయించండి. దారిలో ఎక్కడైనా న్యూట్రల్ తెగితే 230 వోల్టులు తిన్నగా కారు బాడీ మీదికి వస్తాయి. తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. ఎర్రలైటు మీకు మేలే చేసింది, ఇంటికి ఎర్తింగ్ లేదని చెప్పింది.

మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 దరిదాపుల్లో, ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య 3 వోల్టుల లోపు రావాలి. రాకపోతే కొత్త ఎర్తు గొయ్యి తీయించండి. ఎనిమిది నుంచి పది అడుగుల జీఐ పైపో, రాగి పూత రాడ్డో నిలువుగా దింపి, చుట్టూ బెంటోనైట్ పొడి నింపాలి. ఉప్పు, బొగ్గు కూడా పనిచేస్తాయి గానీ ఉప్పు పైపును తినేస్తుంది. ఎర్తు రెసిస్టెన్స్ 5 ఓమ్‌ల లోపు ఉండాలి. వేసవిలో గొయ్యిలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి.

3.3 కిలోవాట్ల ఛార్జింగ్ అంటే పదకొండు గంటల పాటు ఆగకుండా 14 ఆంపియర్లు లాగడం. గీజరైనా అరగంటలో ఆగుతుంది, ఇది తెల్లార్లూ లాగుతుంది. మీటరు దగ్గర్నుంచి విడిగా 4 చదరపు మి.మీ. రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల టైప్-ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), మంచి రకం 16 ఆంపియర్ల సాకెట్ వేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మొదటిరోజు అరగంట తర్వాత ప్లగ్గు ముట్టుకోండి, గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి కాలితే సాకెట్ మార్చాలి. బోర్లు ఆడే వేళ వోల్టేజీ 180కి పడిపోయే ఊరైతే ఛార్జర్ మాటిమాటికీ ఆగుతుంది, మోటార్లు ఆగే సమయానికి టైమర్ పెట్టుకోండి.

మీ ప్రయాణానికి బ్యాటరీ సరిపోతుంది గానీ మిగులు తక్కువ. హైవే మీద యూనిట్‌కు 7 కి.మీ. చొప్పున 200కి 29 యూనిట్లు. గంటకు 80తో వెళ్తేనే ఈ లెక్క, 100 దాటితే గాలి ఒత్తిడికి చార్జ్ చకచకా దిగుతుంది. బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమో కాదో కనుక్కోండి. మన ఎండలకు మేము దాన్నే మెచ్చుకుంటాం, వేడిని బాగా తట్టుకుంటుంది. దాని వోల్టేజీ దాదాపు ఒకే మట్టంలో సాగుతుంది కాబట్టి ఎంత చార్జ్ మిగిలిందో కంప్యూటర్ పొరబడుతుంది, వారానికోసారి నూటికి నూరూ నింపి దాని లెక్క సరిచేయాలి. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం అయితే రోజువారీకి 80 శాతం దగ్గర ఆపండి. నెల రోజులు బండి కదపకపోతే చచ్చిపోయేది పెద్ద బ్యాటరీ కాదు, చిన్న 12 వోల్టులది. దాని పాజిటివ్ టెర్మినల్ ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

ఇంట్లో ఇంకొకరు కొనే ఆలోచనలో ఉంటే, 2024 నవంబరులో తెలంగాణ ప్రకటించిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు గడువు 2026 డిసెంబరు 31 అని గుర్తుంచుకోండి.

ప్రశ్న: రోజూ ఆఫీసుకు రానుపోను 8 కి.మీ. డీజిల్ ఎస్‌యూవీనా, స్ట్రాంగ్ హైబ్రిడ్డా (పెట్రోలు ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉన్నది)?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ వద్దు. బీఎస్-6 డీజిల్‌లో డీపీఎఫ్ అనే జల్లెడ మసిని పట్టి, సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. నాలుగు కిలోమీటర్లలో ఆ వేడి రాదు. కాల్చే ప్రయత్నంలో అదనంగా చిమ్మిన డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పెరుగుతోందంటే అదే గుర్తు. ఇప్పటికే డీజిల్ ఉన్నవారు డీపీఎఫ్ లైటు వెలగగానే అనకాపల్లి వైపు హైవే ఎక్కి 2,000 ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు ఆపకుండా నడపాలి.

హైబ్రిడ్ మంచి బండే. సిగ్నళ్ల మధ్య దానికి సాటి లేదు. కానీ నెలకు 250 కి.మీ.కు మామూలు పెట్రోలు కారు 17 లీటర్లు తాగితే హైబ్రిడ్ 11 లేదా 12 తాగుతుంది. మిగిలేది ఐదారు వందల రూపాయలు. ధరలో తేడా లక్షల్లో ఉంటుంది. మామూలు పెట్రోలు ఆటోమేటిక్ తీసుకోండి. హైబ్రిడ్ ఉన్న ఇతర పాఠకులకు ఒక మాట: వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి అందే కంత ఉంటుంది, బ్యాగులు, దుప్పట్లు అడ్డం పెట్టొద్దు. సర్వీసులో దాని ఫిల్టర్ దులిపించండి.

ప్రశ్న: ఇక్కడ ఇ85 చవగ్గా కనిపించి మా మామూలు కారులో పది లీటర్ల దాకా పోసేశాను. ఏమవుతుంది?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కంగారు పడకండి. అమెరికాలో ఇ85 అంటే కాలాన్ని బట్టి 51 నుంచి 83 శాతం ఇథనాల్. అది ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లకే (పెట్రోలు, ఇథనాల్ ఏ పాళ్లలో కలిపినా నడిచేవి), సాధారణంగా వాటి ట్యాంకు మూత పసుపు రంగులో ఉంటుంది. మీ ట్యాంకు 50 లీటర్లదైతే మిగతా 40 లీటర్లూ వెంటనే ఇ10 నింపేయండి. మొత్తం మీద ఇథనాల్ 23 శాతం దగ్గరకు వస్తుంది, దాదాపు మన ఇ20 అంత. చెక్ ఇంజిన్ లైటు వెలగొచ్చు, మెల్లగా నడపండి. సగం అయ్యాక మళ్లీ ఇ10తో నింపితే లైటు దానంతటదే ఆరుతుంది.

చవగ్గా ఉందని ఫ్లెక్స్ కారు కొనేముందు బ్రెజిల్ వాళ్ల లెక్క చూడండి. అక్కడ 2003 నుంచి ఫ్లెక్స్ కార్లున్నాయి. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటేనే ఇథనాల్ పోయించుకుంటారు, దాటితే పెట్రోలు పంపు దగ్గరికి వెళ్తారు. ఇ85లో కొంత పెట్రోలు కూడా ఉంటుంది కాబట్టి మీకు ఆ గీత 75 దగ్గర పెట్టుకోవచ్చు.