రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. బెంగళూరు బొమ్మనహళ్లిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా టైలరుగా చేస్తున్నాను. జీతం 13,000 రూపాయలు. ఆర్డర్లు లేవని మా లైను మొత్తాన్ని తీసేస్తున్నారు. సూపర్‌వైజరు కన్నడంలో టైపు చేసిన కాగితం ఇచ్చి, సంతకం పెడితేనే పీఎఫ్ త్వరగా వస్తుందంటున్నాడు. నాకు కన్నడం మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. పక్కింటి అబ్బాయి చదివి, అది రాజీనామా పత్రమని చెప్పాడు. పని పోయినవాళ్లకు ఈఎస్‌ఐ డబ్బు ఇస్తుందని విన్నాను. నిజమేనా?
— ఒక పాఠకురాలు, బొమ్మనహళ్లి

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే, అది ఎటువంటి పరిస్థితిలో పెట్టించారో తేదీతో సహా రాసి, ఆ కాగితం ఫొటో దగ్గర ఉంచుకుని, బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక శాఖ కార్యాలయం, కార్మిక భవన్‌కు మీ లైనులో ఉన్న మరో నలుగురితో కలిసి వెళ్లండి. పీఎఫ్ డబ్బుకు రాజీనామాతో పనిలేదు. పని ఏ కారణంగా పోయినా అది మీదే.

యాజమాన్యం తనంతట తాను పని తీసేస్తే, చట్టం ప్రకారం కనీసం నెల ముందు నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. దానితోపాటు పూర్తయిన ఒక్కొక్క సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. మీ ఎనిమిదేళ్లకు అది 50 వేలు దాటుతుంది. మీరే మానుకున్నట్లు రాసిస్తే ఈ రెండూ పోతాయి. గ్రాట్యుటీ మాత్రం అయిదేళ్ల సర్వీసు దాటినందున ఎలాగైనా మీకు రావలసిందే. మూలవేతనం, కరువు భత్యం కలిపి 13,000 అనుకుంటే, నెలకు 26 పనిదినాల లెక్కన అది సుమారు 60 వేల రూపాయలు.

ఇక ఈఎస్‌ఐ సంగతి. మీరు విన్నది నిజమే. మీ జీతంలో నూటికి ముప్పావు రూపాయి, అంటే నెలకు దాదాపు 98 రూపాయలు, ఈఎస్‌ఐ కింద కోత పడుతోంది, యాజమాన్యం 3.25 శాతం కలుపుతోంది. ఈ చందా ఆసుపత్రి కోసమేనని చాలామంది అనుకుంటారు. కానీ 2018 జులైలో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, పని పోయినవారికి గరిష్ఠంగా 90 రోజులపాటు భృతి ఇస్తారు. మొదట సగటు దినసరి సంపాదనలో 25 శాతంగా ఉన్న ఈ భృతిని కోవిడ్ కాలంలో 50 శాతానికి పెంచారు. మీ జీతానికి 50 శాతం లెక్కన మొత్తం 19 వేల రూపాయలు దాటుతుంది. పని పోయిన 30 రోజుల తర్వాత, యజమాని సంతకం కోసం తిరగకుండా, మీరే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగం చేసి ఉండాలి. పని పోవడానికి ముందరి ఆరు నెలల చందా కాలంలోనూ, అంతకు ముందున్న మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలోనూ 78 రోజుల చొప్పున చందా కట్టి ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. క్రమశిక్షణ చర్య వల్ల గానీ స్వచ్ఛంద విరమణ వల్ల గానీ పని పోతే ఇవ్వరు. ఆ కన్నడ కాగితాన్ని నేను అంతగా పట్టించుకోవడానికి ఇదీ ఒక కారణం. పథకం గడువును అప్పుడప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు కనుక, ఆధార్, బ్యాంకు పుస్తకం వెంట తీసుకుని మీ ఈఎస్‌ఐ శాఖా కార్యాలయంలో ఒకసారి విచారించండి. ఫ్యాక్టరీ మూతపడినవారికీ, చట్టప్రకారం తొలగించినవారికీ 2005 నుంచి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కూడా ఉంది. దాని కింద గరిష్ఠంగా రెండేళ్ల వరకు భృతి దొరుకుతుంది. దానికీ తొలగించినట్లు రుజువు కావాలి.

ప్రశ్న: పని లేనివాళ్లకు ఇంట్లో కూర్చోబెట్టి డబ్బు ఇస్తే ఇక పనికి ఎవరు వస్తారు? నేను పీణ్యలో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను.
— ఒక పాఠకుడు, పీణ్య

జవాబు: మీ భయం నాకు అర్థమైంది గానీ, పైన చెప్పిన లెక్కనే ఒకసారి చూడండి. నెలకు 6,500 లోపు, అదీ మూడు నెలలు, అదీ జీవితంలో ఒక్కసారి. బెంగళూరులో ఒక గది అద్దె, బియ్యం, పిల్లల బస్ పాసు కట్టాక అందులో కూర్చుని తినడానికి ఏం మిగులుతుంది? అది కొనిపెట్టేది కొంత వ్యవధిని మాత్రమే. ఆ వ్యవధి లేని టైలరు మర్నాడే పక్క ఫ్యాక్టరీలో హెల్పరు జీతానికి చేరిపోతుంది. ఎనిమిదేళ్ల పనితనానికి దక్కవలసిన విలువ ఒక్క రోజులో పోతుంది, తక్కువకు వచ్చేవారు ఉన్నారని తెలిసిన చోట మిగతావారి జీతమూ పెరగదు. మీవంటి యజమానికి కూడా, గతిలేక వచ్చి నెలకే వెళ్లిపోయే మనిషికంటే, చూసుకుని వచ్చి నిలిచే మనిషే లాభం.

2016 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. పీఎఫ్‌లో యజమాని వాటాను 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోరాదని కేంద్రం నిబంధన తెచ్చినప్పుడు, ఏప్రిల్ 18, 19 తేదీల్లో వేలమంది గార్మెంట్స్ స్త్రీలు హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. 19వ తేదీనే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ముసలితనానికి దాచుకోవలసిన డబ్బు కోసం వారు అంతగా ఎందుకు ఆందోళన పడ్డారంటే, పని పోయిన నెలల్లో వారికి ఆసరా దాదాపు అదొక్కటే. నిరుద్యోగ బీమా సరిగా ఉన్నట్లయితే ఆ పీఎఫ్ వృద్ధాప్యం దాకా కదలకుండా ఉండేది.

మీ వర్క్‌షాపులో పదిమంది, అంతకంటే ఎక్కువ ఉంటే, 21,000 లోపు జీతం ఉన్న ప్రతివారికీ ఈఎస్‌ఐ తప్పనిసరి. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారికీ అంతే. కొత్తగా చేరిన మనిషికి పాత ఇన్సూరెన్సు నంబరు ఉందేమో అడిగి, దానినే కొనసాగించండి. ఇంకో నంబరు తీసినట్లయితే అతని రెండేళ్ల చందా లెక్క రెండు ముక్కలవుతుంది.