వీల్ ఆర్చికి తుప్పు లోపల్నుంచి వస్తుంది

విజయనగరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ హోండా సిటీ వీటెక్‌కి వెనక చక్రాల పైన మళ్లీ బొబ్బలు లేచాయని రాశావు. పెయింటరు మీద కోపం పెట్టుకోకు. అక్కడ బయటినుంచి ఎంత మంచి రంగు కొట్టినా ఏడాదికి మించి నిలవదు. ఆ తుప్పు పుట్టింది లోపల.

వెనక ఆర్చి, అంటే చక్రం పైన వంపు తిరిగిన భాగం, ఒక్క రేకు కాదు. బయటికి కనిపించే క్వార్టర్ ప్యానెల్ ఒకటి, చక్రాన్ని పైనుంచి కప్పే లోపలి రేకు ఇంకొకటి. రెండింటినీ అంచు దగ్గర కలిపి, స్పాట్ వెల్డింగ్ చేసి, ఆ సందులో సీలెంట్ పెడతారు. ఇరవై ఏళ్లు దాటేసరికి ఆ సీలెంట్ ఎండి పగులుతుంది. టైరు చిమ్మిన బురద అంచు లోపల పేరుకుంటుంది. పైకి ఎండినట్టే ఉంటుంది గానీ అడుగున తడి అలాగే ఉంటుంది. నువ్వు రోజూ శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు తిరుగుతావు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఉప్పు గాలిలోని తేమని కూడా లాగుతుంది. హైవే మీద రొయ్యల లారీల నుంచి కారే ఐసు నీళ్లూ టైరు చిమ్మితే అక్కడికే చేరతాయి. తుప్పుకి ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే రెండు రేకుల మధ్య పెరిగేకొద్దీ వాటిని విడదీసి అంచుని ఉబ్బిస్తుంది. బయట బొబ్బ కనిపించిందంటే చాలాసార్లు ఆ పాటికే రేకు లోపలినుంచి చిల్లు పడడానికి వచ్చేసి ఉంటుంది.

ముందు నష్టం ఎంతో చూడు. కారు జాకీ మీద పెట్టి, స్టాండు వేసి, చక్రం తీసెయ్. ప్లాస్టిక్ లైనర్ ఉంటే అదీ తీసెయ్. అంచు లోపల వేలు పెట్టి గుండ్రంగా తిప్పు. ఇసకలా తగిలితే బురద, పొరలు పొరలుగా ఊడి వస్తే తుప్పు. నీళ్లతో గట్టిగా కడిగి, రెండు రోజులు ఎండనిచ్చి, సన్న స్క్రూడ్రైవర్‌తో ఒత్తి చూడు. దిగబడిందంటే అక్కడ రేకు లేదన్నమాట. పైనుంచి మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టు. ఎక్కడ అంటుకోదో అక్కడ పాత పుట్టీ దట్టంగా ఉంది. డిక్కీలోంచి పక్క అట్టలు విప్పి టార్చి వేసి లోపలి రేకు కూడా చూడు. ఇది చాలామంది వదిలేస్తారు, అసలు సంగతి అక్కడే తెలుస్తుంది.

చిల్లు లేకుండా గుంటలు మాత్రమే ఉంటే వెల్డింగ్ అక్కర్లేదు. బొబ్బకి చుట్టూ మూడంగుళాల దాకా రంగు గీకి, గ్రైండర్‌కి వైరు కప్పు, ఆ తర్వాత 80 నంబరు ఫ్లాప్ డిస్కు పెట్టి తెల్లటి ఇనుము వచ్చేదాకా తియ్యి. మెరుస్తోంది కదా అని వెంటనే ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు కోటు, కొట్టొద్దు. గుంటల అడుగున ఉప్పు మిగిలిపోతుంది, కంటికి కనపడదు. వేడి మంచినీళ్లు పోసి, ఇనప బ్రష్‌తో రుద్ది, హీట్ గన్‌తో ఆరబెట్టి, ఒక రాత్రి వదిలెయ్. పొద్దున్నే గుంటల్లో మాత్రమే ఎర్రటి చుక్కలు లేస్తే ఉప్పు ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగాలి. ఆ చుక్కలు రావడం ఆగే వరకు రెండు మూడు సార్లయినా ఇదే చెయ్యాలి. తుప్పు మళ్లీ మళ్లీ రావడానికి సగం కారణం ఈ ఒక్క పని ఎగ్గొట్టడమే.

ఆ తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు బ్రష్‌తో రాసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి, నీళ్లతో బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టు. ఆమ్లం మిగిలితే దాని మీద కొట్టే ఎపాక్సీ ప్రైమర్ గట్టిపడదు, కొన్నాళ్లకి పెచ్చుగా లేస్తుంది.

చిల్లు పడితే మాత్రం కొయ్యాల్సిందే. ఫైబర్ గుడ్డ, పుట్టీ, రివెట్లు కొట్టిన పాచ్, ఇవేవీ ఒప్పుకోకు. వాటి వెనక తుప్పు పని చేసుకుంటూనే ఉంటుంది, పైగా తడి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. మంచి రేకు తగిలేదాకా, ఇంకో అర అంగుళం అవతలికి కోయించు. ముందు లోపలి రేకు బాగుచెయ్యాలి, బయటిది ఆ తర్వాతే. చాలా షెడ్లలో బయటి ముక్క ఒక్కటే మార్చి పంపించేస్తారు. అందుకే పైరేకు మూసేముందు నువ్వు వెళ్లి కళ్లారా చూస్తానని టింకరింగ్ మేస్త్రికి మొదటిరోజే చెప్పు.

పాచ్‌కి 0.8 మి.మీ. సీఆర్‌సీ (కోల్డ్ రోల్డ్) ఇనప రేకు సరిపోతుంది. గ్యాస్ వెల్డింగ్ వద్దు, ఆ వేడికి పల్చటి రేకు వంకర తిరుగుతుంది. ఇత్తడి కడ్డీతో అతికితే ఫ్లక్సు (అతికేటప్పుడు రాసే మందు) మిగిలి అదే మళ్లీ తుప్పు పట్టిస్తుంది. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ రక్షణలో వైరుతో చేసే) వెల్డింగ్ మెషిన్ ఉన్న షెడ్డే చూసుకో. 0.8 మి.మీ. వైరుతో, గీతలా లాగకుండా, చుక్క చుక్కగా వెయ్యాలి. ఒక చుక్క ఇక్కడ వేస్తే తర్వాతది నాలుగంగుళాల అవతల, అలా తిరిగి తిరిగి సందులు నింపాలి. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చునే చోట ముందే వెల్డ్ త్రూ జింక్ ప్రైమర్ పల్చగా కొట్టాలి. ఆ చోటు మళ్లీ ఎవరి చేతికీ అందదు.

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పకుండా వెల్డింగ్ మొదలుపెట్టనివ్వకు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోవచ్చు. పెట్రోలు మూత ఉన్న పక్క ఆర్చి వెనకే ట్యాంకులోకి వెళ్లే గొట్టం ఉంటుంది. అది విప్పించి, రెండు కొసలూ గట్టిగా మూసి, అక్కణ్ణుంచి దూరం పెట్టాకే నిప్పు. సీటు, కార్పెట్, పక్క అట్టలు బయట ఉండాలి. అగ్నిమాపక సిలిండర్ ఒకటి పక్కనే ఉంచమను. ఈ మాట మీద రాజీ పడకు.

వెల్డింగ్ అయ్యాక వరస తప్పకూడదు. తిన్నర్‌తో తుడిచి, రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ లోపలా బయటా రెండు కోట్లు. ఒక్కో ఆర్చికి కలిపిన ప్రైమర్ పావు లీటరు చాలు. మన ఎండకి కలిపింది తొందరగా చిక్కబడుతుంది, అందుకని కొద్దికొద్దిగా కలపమను. ఎపాక్సీ ఆరాక అతుకుల మీద పాలీయూరిథేన్ సీమ్ సీలర్ లాగి వేలితో నొక్కాలి, ఒక ట్యూబు రెండు ఆర్చిలకీ వస్తుంది. పుట్టీ కావాలంటే ఎపాక్సీ మీదే పెట్టాలి, ఉత్త ఇనుము మీద కాదు. పుట్టీ తడిని పీలుస్తుంది, అందుకే పుట్టీ పెట్టాక నీళ్ల ఎమెరీ వద్దు, పొడిగానే రుద్దించు. ఆ పైన సర్ఫేసర్ (రంగు కింద నున్నగా చేసే కోటు), రంగు, క్లియర్ కోటు. పీయూ (పాలీయూరిథేన్) రంగు కొట్టేటప్పుడు కార్ట్రిడ్జి మాస్కు లేకుండా ఎవరూ ఆ గదిలో ఉండకూడదు.

ఇదంతా మాఘమాసంలో పెట్టుకో. వానలుండవు. అయినా పొద్దున్న మంచు కురుస్తుంది కదా, చల్లటి రేకు మీద కంటికి కనపడని చెమ్మ ఉంటుంది. పది దాటాకే ప్రైమర్ కొట్టమను, మూడింటికి ఆపించు.

రంగు పూర్తిగా గట్టిపడ్డాక, ఓ వారం ఆగి, క్యావిటీ వ్యాక్స్, అంటే రేకుల సందుల్లో తుప్పు రాకుండా చిమ్మే మైనం. డిక్కీ లోపలినుంచి రెండు రేకుల మధ్య సందులోకి పొడవు గొట్టం దూర్చి, అన్ని వైపులా చిమ్మే ముక్కుతో పక్కకి అర లీటరు చొప్పున కొట్టాలి. కారు మధ్యాహ్నం ఎండలో కాసేపు ఉంటే వ్యాక్స్ సందుల్లోకి బాగా పాకుతుంది. రంగుకి ముందు మాత్రం కొట్టొద్దు. వ్యాక్స్ అంటిన చెయ్యి తగిలిన చోటల్లా రంగు విడిపోయి చేపకళ్లు, అంటే చిన్న గుండ్రటి గుంటలు, లేస్తాయి. అలాగే సిల్ (తలుపుల కింది అంచు) కింద, బంపర్ ముందు ఉండే నీటి చిల్లులు తీగతో పొడిచి తెరిచి ఉంచు, వ్యాక్స్‌తో మూసుకుపోనివ్వకు. టెయిల్ ల్యాంపు రబ్బరు పోతే నీళ్లు డిక్కీలోంచి ఆర్చి వెనక్కి దిగుతాయి. కాబట్టి పైపుతో నీళ్లు కొట్టి అదీ చూసుకో.

ఎవరో తారు కోటింగ్ కొట్టించమన్నారని రాశావు. తుప్పు మీద ఆ నల్లటి కోటింగ్ పడిందంటే లోపలి తడి ఇక బయటికి రాదు, కింద రేకు తినేసేదాకా నీకు తెలియదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ చిమ్మడం కూడా వద్దు. అది రబ్బరు బుష్‌లని పాడుచేస్తుంది, తర్వాత రంగు పట్టనివ్వదు. ఆర్చి చుట్టూ నికెల్ బీడింగ్ (మెరిసే పట్టీ) బిగించి ఉంటే ఇవాళే పీకెయ్, దాని కిందా తడి నిలుస్తుంది. మడ్‌ఫ్లాప్ స్క్రూ చిల్లుల్లో ఎపాక్సీ చుక్క వేసి, ప్లాస్టిక్ బుష్ పెట్టి బిగించు. వెడల్పు టైర్లు పట్టడానికి అంచుని లోపలికి మడిపించే పని కూడా వద్దు. మడిచినప్పుడే సీలెంట్, రంగు రెండూ పగులుతాయి. కారు అందం కన్నా అంచు ముఖ్యం. చిన్న టైరుతో వీటెక్ పరుగేం తగ్గదు.

ఆ తర్వాత నీ చేతిలో పని. వానాకాలంలో వారానికోసారి ఆర్చి లోపల మంచినీళ్లతో కడుగు. మీ ఇంటి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, దాంతో కడిగే కన్నా కడక్కపోవడమే మేలు. తడి కారు మీద కవరు కప్పకు. ఏటా మృగశిర కార్తెకి ముందు వ్యాక్స్ ఇంకోసారి, ఈసారి పక్కకి రెండు వందల మిల్లీలీటర్లు చాలు.

ముందు మడ్‌గార్డులు బోల్టులతో ఉంటాయి కాబట్టి వాటి గురించి బెంగ లేదు, పాడైతే మార్చెయ్యొచ్చు.

షెడ్డుకి ఇచ్చేముందు చక్రాలు తీసి, రెండు పక్కలా అంచు లోపలి ఫోటోలూ, డిక్కీ లోపలినుంచి ఫోటోలూ తీసి పంపు. ఎక్కడిదాకా కొయ్యాలో గీత గీసి పంపిస్తాను.

మీ మావయ్య