కొత్త కారు గేరు మారేటప్పుడు కుదుపు వస్తోంది. సర్వీస్ సెంటర్‌లో "మామూలే" అంటున్నారు. వారంటీలో బాగుచేయించుకోవడం ఎలా?

"మామూలే" అంటే విని వచ్చేయకండి. కుదుపు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏ గేరులో, ఏ వేగంలో వస్తోందో ముందు గమనించండి. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, కుదుపు వచ్చేదాకా మీరే నడపండి. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తోనే వస్తుంటే, కారును ముందురోజు రాత్రే అక్కడ వదిలేయండి.

అన్నిటికన్నా ముఖ్యం జాబ్ కార్డు, అంటే కారు ఇచ్చేటప్పుడు సర్వీస్ సెంటర్‌ వాళ్లు ఫిర్యాదు రాసుకునే పత్రం. ఫిర్యాదును మీ మాటల్లోనే రాయించి, కారు కంప్యూటర్‌ను స్కాన్ చేస్తే వచ్చిన ఎర్రర్ కోడ్‌లతో (లోపాన్ని సూచించే సంకేతాలు) సహా కాపీ తీసుకోండి. గడువు దాటాక సమస్య ముదిరితే, మీరు వారంటీలోనే చెప్పారనడానికి అదే ఆధారం. స్కాన్‌కు ముందు బ్యాటరీ వైరు పీకకండి, కొన్ని కార్లలో కోడ్‌లు చెరిగిపోతాయి.

ఆటోమేటిక్ అయితే తరచూ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో మొదలుపెడతారు. దాంతో నిజంగానే తగ్గొచ్చు. తగ్గకపోతే వెంటనే మళ్లీ రాయించండి. మాన్యువల్‌లో క్లచ్ ప్లేటు అరుగుదల మాత్రం సాధారణంగా వారంటీలోకి రాదు.